టీవీ గోడ కట్టించే ముందు దాని వెనక ఏం వస్తుందో చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్ శివార్లలోని తెల్లాపూర్‌లో కొత్త ఫ్లాటు. హాల్లో టీవీ గోడ 11 అడుగుల వెడల్పు, 9 అడుగుల 6 అంగుళాల ఎత్తు. ఎదుటి గోడకు ఆనించి సోఫా, రెండు గోడల మధ్య 12 అడుగులు. 65 అంగుళాల టీవీ ఇప్పటికే కొనేశారు. ఇంటీరియర్స్ వాళ్లు ఇచ్చిన త్రీడీ బొమ్మలో టీవీ సరిగ్గా పట్టేంత గూడు, చుట్టూ మెరిసే పాలరాయి షీటు, పక్కన లూవర్లు (వరుసగా గాడులుండే సన్నటి పట్టీల ప్యానెళ్లు), కింద ఎలక్ట్రిక్ ఫైర్‌ప్లేస్, ఓ చివర పూజా మందిరం ఉన్నాయి. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఏం మార్చమంటారు అని అడిగారు.

బొమ్మ బాగానే ఉంది. పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, బాగోని త్రీడీ బొమ్మ నేనింతవరకు చూడలేదు. వాటిలో ఒక్క వైరు కనిపించదు. సెట్‌టాప్ బాక్సు ఉండదు, రౌటర్ ఉండదు, దాని పక్కన ఎర్ర లైటు వెలిగే ఫైబర్ డబ్బా అసలే ఉండదు. మీరు డబ్బు పెట్టేది ముందు కనిపించే షీటుకే అయినా, రేపు మిమ్మల్ని సుఖపెట్టేదీ ఏడిపించేదీ దాని వెనక ఉన్న రెండంగుళాల సందు. అందుకే రంగుల సంగతి చివర్లో చెబుతాను.

ముందుగా ఆ గూడు తీసేయించండి. ఈ తప్పు నేనే చేశాను, అదీ మా సొంతింట్లో. 2013లో మా 42 అంగుళాల టీవీకి చుట్టూ రెండేసి అంగుళాలు వదిలి ముచ్చటగా గూడు కట్టించాను. 2019లో 55 కొన్నాం. దాని వెడల్పు దాదాపు 48 అంగుళాలు, గూడు 42. గూడు కోయించాం. కోసిన చోట వేద్దామంటే ఆ షేడ్ మైకా మార్కెట్లో లేదు. ఆ గోడ సగం ఒక రంగు, సగం ఇంకో రంగు. మా ఆవిడ ఇంటికొచ్చిన ప్రతి క్లయింటుకూ అది చూపించి మరీ కాఫీ ఇచ్చేది. టీవీ ఏడెనిమిదేళ్లకు మారిపోతుంది, చెక్క పని పదిహేనేళ్లు ఉంటుంది. కాబట్టి ఇప్పుడున్న టీవీకి కొలతలు తీసి గోడ కుట్టించుకోకండి.

మీకెంత సమతలం కావాలో లెక్క చూద్దాం. సోఫాలో కూర్చున్నప్పుడు మన తల వెనక గోడకు అడుగు ముందుకు ఉంటుంది. ఇటు ప్యానెల్, బ్రాకెట్ కలిపి టీవీ గోడకు నాలుగైదు అంగుళాలు ముందుకొస్తుంది. అంటే మీ 12 అడుగుల్లో కంటికీ తెరకూ మధ్య మిగిలేది పదిన్నర. టీవీ సైజును 1.6తో గుణిస్తే మామూలుగా చూడ్డానికి హాయిగా ఉండే దూరం వస్తుంది, 1.2తో గుణిస్తే సినిమా హాల్లోలాగా తెర కళ్ల నిండా ఉండే దూరం. 65కి అవి 8 అడుగుల 8 అంగుళాలు, ఆరున్నర అడుగులు. 75 అంగుళాల టీవీకి 1.6 లెక్కన సరిగ్గా 10 అడుగులు. అంటే మీ హాలుకు 65 చిన్నదే తప్ప పెద్దది కాదు, తర్వాత మీరు కొనేది 75 లేదా 85 అయ్యే అవకాశమే ఎక్కువ. 85 టీవీ వెడల్పు 75 అంగుళాలకు అటూ ఇటూగా ఉంటుంది. కాబట్టి ఆరున్నర అడుగుల వెడల్పున ఏ గాడీ అంచూ అరా లేకుండా చదునుగా వదిలేయండి. 11 అడుగుల్లో అది పోగా నాలుగున్నర అడుగులు మిగులుతాయి. దాన్ని రెండు పక్కలా సమానంగా పంచితే రెండూ ఎందుకూ పనికిరాని సన్నటి పట్టీలవుతాయి. ఒక పక్కకే అంతా ఇచ్చేసి అక్కడ అరలు పెట్టించుకోండి. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఇల్లయితే ఆ అరలకు మించిన మెట్లుండవు. ఇది చాలా ఇళ్లలో చూశాను.

ఎత్తు విషయంలో మన ఇళ్లలో అందరూ చేసే పొరపాటు ఒకటే, టీవీని హోటల్ గదిలోలా పైకి ఎక్కించడం. హోటల్లో మంచం మీద పడుకుని చూస్తాం, అక్కడది సరే. సోఫాలో కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి సుమారు 40, 42 అంగుళాల ఎత్తులో ఉంటుంది. తెర మధ్యభాగం అక్కడికి రావాలి. మీ 65 ఎత్తు 32 అంగుళాలు, కాబట్టి దాని అడుగు 26 దగ్గర ఉంటుంది. కింది యూనిట్‌ను, అంటే టీవీ కింద వచ్చే అరల పెట్టెను, నేల నుంచి 8 అంగుళాలు వదిలి వేలాడేలా పెట్టి, 12 అంగుళాల ఎత్తు ఉంచితే దాని పైభాగం 20కి వస్తుంది. మీద సౌండ్‌బార్ మూడంగుళాలు. ఇంకా మూడు మిగిలాయి, సరిపోయింది. కింద వదిలిన 8 అంగుళాల్లో మాప్ కర్ర సులువుగా తిరుగుతుంది, ఇల్లు తుడిచే మరమనిషి ఉంటే అదీ దూరుతుంది. రేపు 85 కొంటే దాని ఎత్తు 42, మధ్యభాగం ఓ మూడు నాలుగు అంగుళాలు పైకి జరపాల్సి వస్తుంది. అది పెద్ద ఇబ్బంది కాదు.

ఈ లెక్కలో ఫైర్‌ప్లేస్‌కు చోటు లేదని గమనించే ఉంటారు. దాన్ని ఇరికిస్తే టీవీ ఇంకో అడుగున్నర పైకి పోతుంది, మెడలు పట్టేస్తాయి. హీటర్ ఉన్న రకమైతే 1500 నుంచి 2000 వాట్లు లాగుతుంది, వేడి గాలి నేరుగా టీవీ అడుగుకు కొడుతుంది. మే నెలలో మన ఊళ్లో ఏసీ వేసుకుని మంట బొమ్మ చూడటంలో ఆనందం ఉంటుందేమో గానీ, ఆ చోట రెండు డ్రాయర్లు వస్తాయి. నేనైతే డ్రాయర్లే అంటాను.

ఇక అసలు సంగతి, గోడ. మీ ఫ్లాటు మైవాన్ పద్ధతిలో (గోడలు కూడా కాంక్రీటే) కట్టిందో, ఇటుకో, ఏఏసీ అనే తేలికపాటి తెల్ల బ్లాకులో తెలుసుకోండి. బిల్డర్ ఇచ్చిన కాగితాల్లో ఉంటుంది. లేదంటే మామూలు డ్రిల్లు పెట్టి చూడండి. బిట్టు జారిపోతూ కీచుమని అరిస్తే అది కాంక్రీటు గోడ. తెల్లటి పొడి మెత్తగా రాలితే ఏఏసీ బ్లాకు. ఎర్రపొడి వస్తే ఇటుక. ఈ చుట్టుపక్కల పెద్ద టవర్లు చాలావరకు మైవానే. అల్యూమినియం ఫ్రేములు బిగించి స్లాబూ గోడలూ కలిపి ఒకేసారి పోస్తారు, లోపల ఇనుప జాలీ ఉంటుంది. ఆ గోడ బరువు మోసేది. దాంట్లో వైర్ల కోసం గాడి కొట్టకూడదు. కటింగ్ మెషీన్ చేతిలో ఉంటే మన ఎలక్ట్రీషియన్లకు అన్ని గోడలూ ఒకటే, "ఏం కాదు సార్, ఒక్క అంగుళమే" అంటారు. ఒప్పుకోవద్దు. ఇళ్లు కొనేవాళ్ల రక్షణకు వచ్చిన 2016 రెరా చట్టంలో 14వ సెక్షన్ ప్రకారం, స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి అయిదేళ్లలోపు నిర్మాణ లోపాలు బయటపడి మీరు తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లోపు సొంత ఖర్చుతో సరిచేయాలి. గోడను మీరే కోసుకున్నాక పగులు వస్తే, అది మీ వల్లే అని తేల్చేయడానికి వాళ్లకు మీరే కారణం ఇచ్చినట్టు.

గాడి కొట్టకుండా వైర్లు ఎలా దాచాలి? ప్యానెలింగ్ చేయించడానికి నిజమైన కారణం అదే. ప్లై పట్టీలతో గోడకు రెండంగుళాలకు తగ్గకుండా మందం చట్రం కట్టి, దానిమీద 18 ఎంఎం ప్లై వేసి, ఆపైన మీకు నచ్చిన ఫినిషింగ్. ఆ చట్రం వెనక సందులో వైర్లన్నీ నడుస్తాయి. టీవీ వచ్చే చోట మాత్రం ఖాళీ వదలకుండా పట్టీలు దగ్గరదగ్గరగా నింపించి, బ్రాకెట్ బోల్టులు ప్లై గుండా, పట్టీల గుండా గోడలోకే దిగేలా చేయాలి. కాంక్రీటైతే మామూలు యాంకర్ బోల్టులు చాలు. ఏఏసీ బ్లాకైతే దానికోసమే చేసిన పొడవాటి నైలాన్ ప్లగ్గులు కావాలి. మామూలు ప్లగ్గు అందులో ఇవాళ బిగుస్తుంది, ఆర్నెల్లకు ఊడుతుంది. టీవీని ముందుకు లాగి పక్కకు తిప్పే చేతుల బ్రాకెట్ పెట్టాలనుకుంటే అది మరీ ముఖ్యం. చెయ్యి బయటికి చాపినప్పుడు పై బోల్టుల మీద పడే లాగుడు టీవీ బరువుకు కొన్ని రెట్లుంటుంది.

టీవీ వెనక నుంచి కింది యూనిట్ లోపలికి రెండంగుళాల పీవీసీ పైపు వేయించండి. ముప్పావు అంగుళమో, అంగుళమో పైపు వేసి "కేబుల్ పడుతుంది కదా" అంటారు. కేబుల్ పడుతుంది, దాని తలకాయ పట్టదు. హెచ్‌డీఎంఐ పిన్ను వెడల్పుగా ఉంటుంది, మూల తిరిగే చోట ఇరుక్కుపోతుంది. పైపులో ఒక నైలాన్ తాడు వదిలేయమనండి, రేపు కొత్త కేబుల్ లాగడానికి. కరెంటు వైర్లకు వేరే పైపు. హెచ్‌డీఎంఐ కేబుల్‌ను ప్యానెల్ వెనక శాశ్వతంగా మేకులు కొట్టి మూసేయనివ్వకండి. ఆ కేబుల్ రకాలు మన కళ్లముందే మూడుసార్లు మారాయి.

ప్లగ్ పాయింట్లు ఎన్ని అంటే, టీవీ, సౌండ్‌బార్, సెట్‌టాప్ బాక్సు, రౌటర్, ఫైబర్ డబ్బా, మీ అబ్బాయి ప్లేస్టేషన్, లైట్ల డ్రైవర్ (ఎల్ఈడీ పట్టీలకు కరెంటు తగ్గించి ఇచ్చే డబ్బా). ఏడు అయ్యాయి, ఇంకో రెండు ఖాళీగా పెట్టుకోండి. ఇందులో రౌటర్‌కూ ఫైబర్ డబ్బాకూ ఇన్వర్టర్ లైను ఇప్పించండి. కరెంటు పోయినప్పుడు ఫ్యాన్ తిరిగి, వైఫై ఆగితే ఇంట్లో ఎవరికి ఎక్కువ కోపం వస్తుందో మీకు తెలుసు. టీవీ వెనక సాకెట్‌ను సరిగ్గా మధ్యలో పెట్టేస్తారు, బ్రాకెట్ వచ్చేదీ అక్కడే. పక్కకు ఎనిమిది పది అంగుళాలు జరిపి, ప్యానెల్ సందులోకి లోపలికి దిగేలా పెట్టిస్తే ప్లగ్గు టీవీకి తగలదు. ఫైబర్ లైను మీ ఫ్లాట్‌లో ఎక్కడికి వచ్చిందో చూసి అక్కడి నుంచి క్యాట్ 6 ఇంటర్నెట్ కేబుళ్లు రెండు లాగించండి. కాంక్రీటు గోడల ఇంట్లో వైఫై బెడ్‌రూమ్ దాకా సరిగా వెళ్లదు. ఆ పైన రౌటర్‌ను చెక్క తలుపు వెనక, టీవీ కింద పెడితే ఇక చెప్పక్కర్లేదు. రౌటర్ పైన తెరిచిన అరలో ఉండాలి, లేదా హాలు మధ్యకు వెళ్లాలి.

వేడి గురించి త్రీడీ వాళ్లు మాట్లాడరు. ప్లేస్టేషన్‌నూ సెట్‌టాప్ బాక్సునూ మూసిన అరలో పెడితే లోపల ఇడ్లీ పాత్రే. యూనిట్ అడుగున గాలి లోపలికి రావడానికి రంధ్రాలు, వెనక పైభాగంలో ప్యానెల్ సందులోకి తెరుచుకునేలా ఒక కోత పెట్టించండి. వేడి గాలి దానంతటదే పైకెళ్తుంది, కాకపోతే ప్యానెల్ పై అంచున కూడా చిన్న సందు వదలాలి. యూనిట్ లోతు 16 అంగుళాలకు తక్కువ కాకుండా ఉంచండి. మొదటి రకం పీఎస్5 పొడవు 39 సెంటీమీటర్లు, లోతు 26. వెనక కేబుళ్లు వంగడానికి చోటు, గాలికి చోటు కలిపితే 14 అంగుళాల యూనిట్ ఇరుకైపోతుంది. షట్టర్లకు చెక్క బదులు లోహపు జాలీ గానీ నల్లటి టింటెడ్ గాజు గానీ పెడితే రిమోట్ బయటి నుంచే పనిచేస్తుంది. చెక్క షట్టరైతే ప్రతిసారీ తలుపు తెరిచి చానల్ మార్చుకోవాలి. నెల తిరిగేసరికి ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అప్పుడిక షట్టర్లకు పెట్టిన డబ్బు ఎందుకు?

సామాను విషయానికొస్తే, ఈ గోడకు అవతల బాత్‌రూమ్ లేకపోతే, బయటి గోడ కాకపోతే, మామూలు వాడకానికి ఉద్దేశించిన ఐఎస్ 303 ప్రమాణం ప్లై చాలు. తడి భయం ఉన్నచోట ఐఎస్ 710, అంటే మెరైన్ ప్లై. ప్లై మీద ఐఎస్ఐ గుర్తు పక్కన సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో అది కొట్టి చూడండి, కంపెనీ పేరు రావాలి. కొటేషన్‌లో ఒట్టి "ప్రీమియం ప్లై" అని రాసి ఉంటే దానికి అర్థం లేదు, గ్రేడూ మందమూ కంపెనీ రాయించుకోండి. ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన బోర్డు) పైన ప్యానెళ్లకు పనికొస్తుంది గానీ నేలకు దగ్గరగా వద్దు. రోజూ మాపింగ్ నీళ్లు తగిలి అంచులు ఉబ్బుతాయి.

ఇంకో సంగతి ఎవరూ ముందు చెప్పరు. ప్లై, మైకా, పాలరాయి షీటు మామూలుగా దొరికేది ఎనిమిది అడుగులకు నాలుగు అడుగుల సైజులోనే. మీ గోడ తొమ్మిదిన్నర. ఫాల్స్ సీలింగ్ వేసినా తొమ్మిది. అంటే ఆ షీట్లతో ఎక్కడో అతుకు తప్పదు. ముందే ఆలోచించకపోతే కార్పెంటర్ కింది నుంచి ఎనిమిది అడుగులు వేసి, పైన అడుగు ముక్క అతికించి, సిలికాన్ పూస్తాడు. హాల్లోకి రాగానే కళ్లు అక్కడికే పోతాయి. ఆ అతుకును కావాలనే ఒక గాడిగానో, లోహపు పట్టీగానో డ్రాయింగులోనే పెట్టించండి. లేదా ఎనిమిది అడుగుల దగ్గర ప్యానెల్ ఆపేసి, పైన గోడ రంగు వదిలేయండి. నాకు ఈ రెండోదే ఇష్టం. అన్నట్టు ఎనిమిది అడుగుల షీటు మీ లిఫ్టులో పడుతుందో లేదో కూడా చూసుకోండి. సర్వీసు లిఫ్టులో పట్టకపోతే మెట్ల మీదుగా మోయాలి. ఎన్నో అంతస్తో మీరు రాయలేదు, కూలీ మాత్రం దాన్ని బట్టే అడుగుతారు.

మెరిసే పాలరాయి షీటు టీవీ చుట్టూ వద్దు. అది పీవీసీ. చూడ్డానికి అద్దంలా ఉంటుంది, అలా ఉండటమే ఇబ్బంది. బాల్కనీ వెలుగు, ఎదురుగా ఉన్న ట్యూబులైటు, ట్రే పట్టుకుని వచ్చే మనిషి అన్నీ అందులో కనిపిస్తాయి. తెర చుట్టూ మెరుపు లేని మ్యాట్ ఫినిషే ఉండాలి, కాస్త ముదురు రంగైతే ఇంకా మంచిది. పాలరాయి మీద అంత మోజుంటే అరల వైపు వేయించుకోండి, ఎండ సూటిగా పడని చోట, షీట్ల మధ్య కాస్త సందు వదిలి. నిజమైన రాయి పెడతామంటే బరువు గుర్తుంచుకోండి. 18 ఎంఎం మార్బుల్ చదరపు అడుగుకు నాలుగున్నర కిలోలు, ఎనిమిదికి నాలుగు పలకే దాదాపు 145 కిలోలు. దాన్ని ప్లై మీద ఫెవికాల్‌తో అంటించేది కాదు.

లూవర్ల గురించి ఒక్క మాట. దుమ్ము. ప్రతి గాడిలోనూ. రోజూ బట్ట పట్టుకుని తుడిచేదెవరో ఇంట్లో తేల్చుకుని అప్పుడు ఎంతమేర కావాలో చెప్పండి.

లైట్లు 3000 కెల్విన్ వార్మ్, అంటే కాస్త పసుపు వెలుగువి వేయించండి, అల్యూమినియం గాడి పట్టీలో, పైన తెల్లటి మూతతో, వాటికంటూ విడి స్విచ్చుతో. పొడవు అయిదు మీటర్లు దాటితే 12 వోల్టుల పట్టీ చివర మసకబారుతుంది, 24 వోల్టులది అడగండి. వీటన్నిటికన్నా డ్రైవర్ ఎక్కడ పెడుతున్నారన్నది ముఖ్యం. మూడేళ్ల కిందట ఒకరింట్లో, నేను చేసిన పని కాదు గానీ రిపేరుకు నన్ను పిలిచారు, లైట్లు వెలగడం లేదని. డ్రైవర్ అతికించేసిన షీటు వెనక ఉంది. చిన్న డబ్బా మార్చడానికి ఆ షీటు మొత్తం పగలగొట్టాల్సి వచ్చింది. డ్రైవర్ కింది యూనిట్ లోపల, చేయి పెడితే అందేలా ఉండాలి. లేకపోతే ఆ లైట్లే వద్దనండి.

పూజా మందిరం. మీ అమ్మగారు మీతోనే ఉంటారని రాశారు, అంటే రోజూ దీపం వెలుగుతుంది, కర్పూరం వెలుగుతుంది. పీవీసీ షీటు, లూవర్లు, ఎల్ఈడీ వైర్ల పక్కన నూనె దీపం పెట్టించడానికి నా మనసు ఒప్పదు. ఆవిడ కళ్లు మూసుకుని స్తోత్రం చదువుకుంటుంటే పక్కన సౌండ్‌బార్‌లో క్రికెట్ కామెంటరీ, అదింకో గొడవ. డైనింగ్ వైపు గోడలో చోటు చూడండి. ఇక్కడ తప్ప వేరే దిక్కు లేదంటే, టీవీకి దూరంగా ఉన్న చివర, అడుగున గ్రానైటు పలక, వెనక టైలు, దీపం పైన కనీసం రెండడుగుల ఖాళీ, మందిరం పైకప్పు చెక్కకు తగలకుండా. టీవీ ఆగ్నేయంలో ఉండాలా అని కూడా అడిగారు. దిక్కు కన్నా కిటికీ చూడండి. తెర బాల్కనీ తలుపుకు ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి ఉంటే చాలు, మీ ప్లాన్‌లో అలాగే ఉంది.

పని మొదలైనప్పుడు వరుస తప్పనివ్వకండి. ముందు ఎలక్ట్రికల్, తర్వాత ఫాల్స్ సీలింగ్ ఫ్రేము, ఆ తర్వాతే కార్పెంటర్ తుది కొలతలు. చట్రం కట్టి, పైపులు వేసి, ఇంకా ప్లై మూయకముందు గోడకు టేపు ఆనించి నాలుగు ఫొటోలు తీసి పెట్టుకోండి. రేపు ఏ మేకు కొట్టాలన్నా వైరు ఎక్కడుందో అవే చెబుతాయి. ఇంటీరియర్స్ వాళ్లను త్రీడీ బొమ్మ కాకుండా గోడను పక్క నుంచి కోసినట్టు చూపించే డ్రాయింగు ఒకటి, పాయింట్ల కొలతలతో ఎలక్ట్రికల్ డ్రాయింగు ఒకటి అడగండి. అవి ఇవ్వలేకపోతే అడ్వాన్స్ ఆపండి. చదరపు అడుగుకింత అని రేటు చెప్పినప్పుడు వెనక చట్రం, పైపులు, డ్రాయర్ చానళ్లు, లైట్లు అందులో కలిసే ఉన్నాయో లేదో కూడా రాయించుకోండి. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

మీరు పెట్టిన ఫొటోలో టీవీ గోడ కింది ఎడమ మూల స్కర్టింగ్ పైన రంగు కాస్త ఉబ్బినట్టు కనిపిస్తోంది. అవతల బాత్‌రూమ్ ఉందా? ఉంటే ప్లై సంగతి తర్వాత. ఆ చోట ప్లాస్టిక్ కవరు చతురస్రంగా నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేసి, గోడ వైపు చెమ్మ పట్టిందేమో చూసి చెప్పండి. పడితే ముందు బిల్డర్‌కు రాతపూర్వకంగా పెట్టాలి.